మబ్బువలకు తొలిచెయ్యి

అనగనగా అనగానే ఊ కొట్టేయకండి పిల్లలూ, ముందు కళ్లు మూసుకోండి. మూసుకున్నారా? ఇప్పుడు ఒక కొండను చూడండి. కొండ కనబడదు, మబ్బే కనబడుతుంది. కంగారు పడకండి, కొండ ఆ లోపలే ఉంది.

దాని పేరు మొయిలుకొండ. మొయిలు అంటే మబ్బే. ఆ కొండమీది ఊళ్లో తెల్లవారితే చాలు, మబ్బు గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చునేది. మేకలు మబ్బులో మేసేవి. పిల్లలు మబ్బులో దాగుడుమూతలు ఆడేవారు. పక్కింటావిడ పలకరిస్తే గొంతు ముందు వచ్చేది, మనిషి తరువాత వచ్చేది. అంత మబ్బున్నా ఆ ఊరికి బావి లేదు, చెరువు లేదు, ఊట లేదు. మబ్బు వచ్చేది, ముఖం తడిపేది, ఎండ ఎక్కగానే తన దారిన తాను పోయేది. ఊరివాళ్లకు మిగిలేది తడిసిన రెప్పలు, ఎండిన గొంతులు.

నీళ్లు కావాలంటే లోయలోని ఏటికి దిగాలి. దిగడానికి ఒక జాము, కడవలతో ఎక్కడానికి రెండు జాములు. అందుకని ఆ ఊళ్లో కావడి మోసి బతికేవాళ్లు ఉండేవారు. అందరిలోకీ పెద్దది గైరమ్మ. నలభై ఏళ్లుగా మోస్తూ ఉంది. కావడి బద్ద ఆనే చోట ఆమె భుజం మీద చిన్న గుంట పడిపోయింది. ఊరంతా ఆమెను అత్తా అనే పిలిచేవారు.

ఆ ఊరికి నూకాలు అనే పిల్ల కోడలిగా వచ్చింది. సముద్రం ఒడ్డున వలలు అల్లే ఇంట పుట్టినది. వాళ్లలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు తల్లి ఒక వల అల్లి ఇస్తుంది. కొండమీద వల ఏం చేసుకుంటుంది? మొగుడు మేకలు కాసుకునేవాడు, మేకలను వలేసి పట్టనక్కర్లేదు కదా! నూకాలు ఆ వలను పెరట్లో రెండు గుంజలకు కట్టి, పుట్టిల్లు గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని చూసుకునేది.

ఒకనాడు తెల్లవారుజామున వల కింద పెట్టిన అంట్ల గిన్నెలో టప్ టప్ మని చప్పుడైంది. వెళ్లి చూస్తే గిన్నె అడుగున గుక్కెడు నీళ్లు ఉన్నాయి. వాన పడలేదు, ఎవరూ పోయలేదు. నూకాలు తల పైకెత్తింది. వల ప్రతి ముడికీ ఒక బిందువు వేలాడుతోంది. ఒకటి పక్కదాన్ని కలుపుకుని, రెండూ కలిసి మూడోదాన్ని కలుపుకుని, జారి గిన్నెలో పడుతున్నాయి.

"ఓలమ్మో, మబ్బు వలలో పడిందే!" అంది నూకాలు.

ఆనాటి నుంచి ఆ పిల్లకు వేరే లోకం లేదు. పుట్టింటి వల కన్ను పెద్దది, సగం మబ్బు దారి చూసుకుని వెళ్లిపోయేది. ఆవగింజంత కన్నుతో రెండో వల అల్లింది. మబ్బు చిక్కింది గానీ నీరు కిందికి దిగకుండా కన్నుల్లోనే కూర్చుంది. ఆ బరువుకు గాలి తోడై వలను గుంజలతో సహా నేలకు కొట్టింది. కందిగింజంత కన్నుతో మూడో వల అల్లింది. అప్పుడు వెదురు పనివాడు సన్యాసి వచ్చి, "గుంజ నిటారుగా కాదు చెల్లీ, గాలికి తల వంచినట్టు పాతాలి" అని గడలు వాల్చి పాతాడు. వెదురు బొంగును నిలువునా చీల్చి కింద నీళ్లు జారే దోనె కట్టాడు. మర్నాడు తెల్లారేసరికి కడవ నిండింది. ఇద్దరూ ఆ కడవ చుట్టూ పిచ్చివాళ్లలా గంతులేశారు.

గంతులు ఆగాక నూకాలుకు గైరమ్మ గుర్తొచ్చింది. కొండమీదే నీళ్లు దొరికితే కావడి ఎవరు పిలుస్తారు? ఆ ముసలిదాని కూడు తన వలలో చిక్కుకున్నట్టు అనిపించి ఆ పిల్ల గుండె కలుక్కుమంది. గైరమ్మ రానే వచ్చింది. వలను చూసింది. కడవ నోటిదాకా నిండి ఉండటం చూసింది. రెండు చేతులా ఎత్తి బరువు చూసి దించింది. కావడి సర్దుకుని ఏటికి వెళ్లిపోయింది.

ఇక ఊరి సంగతి వినండి. కిందటి వేసవిలో ఏరే ఎండిపోయింది. పశువులు చచ్చాయి, ఇద్దరు పసిబిడ్డలు దక్కలేదు. పెద్దలు కూర్చుని ఒక తీర్మానం చేశారు. వచ్చే చైత్రం నాటికి నీటికి దారి దొరకకపోతే అందరూ కొండ దిగి, ఎవరి దారి వారు చూసుకోవాలి. మబ్బు బాగా పట్టేది మార్గశిరం మొదలు మాఘం దాకా. ఆలోగా నలభై వలలు నిలబెట్టి తొట్లు కట్టగలిగితే ఊరు ఉంటుంది, లేకపోతే లేదు. అంత నూలుకు, గడలకు, తొట్లకు వెయ్యి వరహాలు కావాలి. మొయిలుకొండ మొత్తం దులిపినా వంద రాలవు.

వరహాలు ఉన్నది శంఖతీరంలో. అది సముద్రం ఒడ్డున ఓడలు ఆగే పట్నం. అక్కడ నూటొక్క మంది వర్తకులు ఒక మండపంలో కూడి, కొత్త పని తలపెట్టిన వాళ్లకు మదుపు పెడతారట. అయితే ఆ మండపంలోకి ఊరికే పోనివ్వరు. తెలిసినవాడు మాట చెప్పాలి. ఆ తెలిసినవాణ్ణి పట్టుకోవాలంటే ఇంకో తెలిసినవాడు కావాలి. కొండకు ఉప్పు తెచ్చే బేరగాడు తెరచాపల వ్యాపారికి చెప్పాడు, అతడు తన మేనమామకు చెప్పాడు, ఆ మేనమామ మండపం ద్వారపాలకుడికి చెప్పాడు. వినాయక చవితికి బయలుదేరిన మాట దసరాకు జవాబు తెచ్చింది: రమ్మన్నారు!

నూకాలు, సన్యాసి వల చుట్టుకుని బయలుదేరారు. తీరా ఊరి పొలిమేరలో గైరమ్మ చేతికర్రతో నిలబడి ఉంది.

"నేనూ వత్తాను. కొండ దిగడం నాకు తెలిసినంత మీకెవులికి తెలుసు?" అంది.

నూకాలు వద్దనలేకపోయింది. కానీ పని చెడగొట్టడానికే వస్తోందేమోనని దారి పొడుగునా బెంగ పడుతూనే ఉంది.

శంఖతీరం కలలో పట్నంలా ఉంది. మేడల గోడలకు గవ్వల సున్నం పూశారు. సముద్రం వెలుగు వాటి మీద పడి, ఊరంతా నీళ్లలో నిలబడి ఊగుతున్నట్టు కనిపించేది. వీధిలో లవంగాల వాసన, రేవులో తెరచాపల చప్పుడు. నూకాలు నడుస్తోందే గానీ పాదాలకు నేల తగలడం లేదు.

తెల్లవారుతుండగా వాళ్లను మండపంలోకి పిలిచారు. సముద్రం వైపు కిటికీలు తెరిచి ఉన్నాయి. నూకాలు మాటలేవీ చెప్పలేదు. రెండు స్తంభాల నడుమ వల కట్టించి, కింద వెండి పాత్ర పెట్టి పక్కకు జరిగింది. సముద్రపు మంచు కిటికీల గుండా మెల్లగా లోపలికి వచ్చింది. వర్తకుల తలపాగాలు, ఉంగరాలు, మీసాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. తెల్లని నిశ్శబ్దంలో టప్ మని ఒక బిందువు, దాని వెనక ఇంకొకటి. మంచు విడిపోయేసరికి పాత్ర నిండి ఉంది. నూటొక్క మంది తలా ఒక గుటక తాగి, "ఆహా" అన్నారు.

అప్పుడు మండపం పెద్ద భావదత్తుడు లేచాడు. వంగిన నడుం, నెరిసిన గడ్డం, మెత్తని గొంతు.

"మా కట్టుబాటు విను తల్లీ. ఈ ఇత్తడి పళ్లెం అందరి ముందుకూ తిరుగుతుంది. ఇందులో మొదట సొమ్ము వేసినవారిది తొలిచెయ్యి. తొలిచెయ్యి ఎవరిదో ఆకు వారిది. అంటే ఎంత వాటా, ఏ షరతు, ఎవరి మాట చెల్లాలి, అన్నీ తాటాకు మీద వారే రాయిస్తారు. నీకు సమ్మతమైతే ఆకు దారానికి ముడి వేస్తావు. ఆ తరువాత సొమ్ము వేసేవారంతా ఆ ఆకుకే కట్టుబడాలి. ఇంకో ఆకు ఉండదు."

పళ్లెం బయలుదేరింది. మొదటి వర్తకుడు, "అద్భుతమమ్మా! తొలిచెయ్యి పడనీ, వెనకే నేను" అన్నాడు. రెండోవాడు, "నేనైతే ఎప్పుడో సిద్ధం, తొలిచెయ్యి ఎవరిదో?" అన్నాడు. మూడోవాడూ అంతే, ముప్పయ్యోవాడూ అంతే. అందరూ మెచ్చుకునేవారే, చెయ్యి చాచేవాడే లేడు. పళ్లెం నూటొక్క మందినీ చుట్టి, ఎలా వెళ్లిందో అలాగే వచ్చింది. పిల్లి మెడలో గంట కట్టడానికి ఎలుకలన్నీ ఒప్పుకున్నట్టే ఉంది కదూ వ్యవహారం!

"మూడు రోజులు గడిచాక మళ్లీ సభ ఉంది. అదే ఆఖరు. ఆ పైన ఓడలు కదులుతాయి, అందరం దీవులకు పోతాం" అన్నాడు భావదత్తుడు.

మొదటి రోజు నిధిదత్తుడనే వర్తకుడి మేడ నుంచి పిలుపు వచ్చింది. ఏనుగు దంతాల పీట వేసి కూర్చోబెట్టాడు. బూరెలు పెట్టించాడు.

"తొలిచెయ్యి నాదే అమ్మాయీ. వెయ్యి వరహాలు ఒక్కడినే వేస్తాను. మూడో వంతు వాటా ఇస్తే చాలు. ఇదిగో ఆకు, ఇదిగో దారం. ముడి వెయ్యి" అన్నాడు.

నూకాలు ఉబ్బితబ్బిబ్బైంది. ఊరు బతికిపోయింది అనుకుంది. దారం చేతిలోకి తీసుకుంది. అయితే వల అల్లేవాళ్ల వేళ్లకు ఒక అలవాటు ఉంది. వాళ్లు వలను పైనుంచి చూడరు. మొదట్లో అందరూ బాగానే అల్లుతారు. అడుగుకు వచ్చేసరికి చేతులు అలసి ముడి వదులవుతుంది, చేప తప్పించుకునేది అక్కడే. అందుకని ఏ వలనైనా అడుగు వరుస పట్టి లాగి చూస్తారు. ఆమె వేళ్లు తమంతట తామే ఆకు చివరికి జారాయి.

"అయ్యగారూ, నాకు చదువు రాదు. అడుగు వరుస ముందు చదివి వినిపించండి" అంది.

నిధిదత్తుడు తడబడ్డాడు. "ముఖ్యమైనవన్నీ పైన ఉన్నాయమ్మా..."

"మా వాళ్లు అడుగు నుంచే చూస్తారండీ."

చదవక తప్పలేదు. చివరి వరుసలో ఇలా ఉంది: సన్యాసి అను వెదురు పనివానికి వాటా లేదు, పని నేర్పిన పిమ్మట వానిని పంపివేయవలెను.

"వెదురు కోసేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. వాడెందుకు నీకు?" అన్నాడు నిధిదత్తుడు.

గుమ్మం దగ్గర నిలబడిన సన్యాసి ముఖం చిన్నబోయింది. అయినా, "నన్ను ఒగ్గీ చెల్లీ. ముడి ఎయ్యి. ఊరు బతుకుద్ది" అన్నాడు.

నూకాలు దారం పీట మీద పెట్టేసింది. "గడ లేకపోతే వల నేలమీద పడుంటాది అన్నా. పద" అంది.

రెండో రోజు సాగరగుప్తుడు పిలిచాడు. ఇతడు బూరెలు పెట్టలేదు, సూటిగా మాట్లాడాడు. "రెండు వేల వరహాలు. అయిదో వంతు వాటా చాలు. నీ సన్యాసి నీ దగ్గరే ఉంటాడు. ఇంతకన్నా మంచి బేరం ఈ తీరంలో నీకు దొరకదు."

"అడుగు వరుస చదవండయ్యా" అంది నూకాలు.

చివరి వరుసలో ఉన్నది ఇది: వలలు నిలిచినను కూలినను, ఎవరి గొంతు తడవకమునుపే నా సొమ్ముకు మూడింతల విలువగల నీరు నాకు ముట్టవలెను.

వినడానికి చిన్న మాటే. మూడింతల విలువంటే ఎంత నీరో నూకాలుకు అంతు చిక్కలేదు. కానీ గైరమ్మకు చిక్కింది. కావడికి ఎంత కూలో నలభై ఏళ్లుగా ఆమెకే తెలుసు. వేళ్లు ముడుస్తూ, పెదాలు కదుపుతూ లెక్క కట్టింది.

"మూడేళ్లు. నలభై వలల నీళ్లూ మూడేళ్లు ఈ బాబుకే పొయ్యాల. మనం తొట్టి పక్కన కూసోని సూసి సావాల" అంది.

సాగరగుప్తుడు కోప్పడలేదు. "వర్తకం అంటే అంతేనమ్మా" అని ఆకు చుట్టేశాడు.

మూడో రోజు రత్నాంగి పిలిచింది. ఆ తీరంలో ఆడవాళ్లలో అంత గొప్ప వర్తకురాలు లేదు. ఆమె ఇంట్లో అడుగు పెడితేనే నిద్ర వచ్చేంత హాయి. మంచిగంధం చల్లిన చాపలు, గాలికి మోగే గాజు పూసలు, నీలి తెరల వెనక సముద్రం. రత్నాంగి నూకాలు చెయ్యి పట్టుకుని వల ఎలా పుట్టిందో మొదటి నుంచి చెప్పించుకుంది. గిన్నె కథ విని నవ్వింది, పసిబిడ్డల కథ విని కన్నీళ్లు పెట్టుకుంది. నూకాలుకు తల్లి ఒడిలో ఉన్నట్టే ఉంది. ఆకు కూడా మంచిదే. వాటా కొంచెం, సన్యాసికి గౌరవం, గొంతులకు ముందు నీళ్లు.

అడగడానికి సిగ్గుపడుతూనే అడిగింది. "అమ్మగారూ, అడుగు వరుస..."

రత్నాంగి చిరునవ్వుతో చదివింది. నేను మనసు తేల్చుకొనువరకు ఈ వలను మరెవ్వరికిని చూపరాదు.

"ఎప్పటికి తేల్చుకుంటారమ్మా?"

"తొందరేముంది తల్లీ? దీవులకు పోయి వచ్చాక చూద్దాం. వైశాఖానికల్లా వచ్చేస్తానుగా."

చైత్రానికి ఊరు ఖాళీ అయితే వైశాఖంలో ఎవరికోసం వల? రత్నాంగి కాదనలేదు. ఆమె ఎవరినీ ఎప్పుడూ కాదనదట. 'కాదు' అంటే మనిషి లేచి ఇంకో గుమ్మం తొక్కుతాడు. 'చూద్దాం' అంటే ఆ చాప మీదే ముసలివాడైపోతాడు. నూకాలుకు అక్కడి నుంచి లేవడం, ముందు రెండిళ్ల నుంచి లేవడం కన్నా కష్టమైంది.

ఆ సాయంత్రం ముగ్గురూ రేవు మెట్ల మీద కూర్చున్నారు. నీళ్లు ఎర్రగా, తరువాత బూడిదరంగుగా మారాయి. నూకాలు కొంగు నోట కుక్కుకుని ఏడ్చింది.

"ఊరికి ఏ మొహం పెట్టుకుని ఎల్తాను? సన్యాసన్నా, నన్ను తిట్టు, కొట్టు. రేపు ఆ మొదటాయన ఆకుకే ముడి ఏసేస్తాను. పసిబిడ్డల ముందు నీ వాటా ఏపాటిది, నా మాట ఏపాటిది?"

సన్యాసి ఆమె తల నిమిరాడు.

గైరమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఆ పళ్లెంలో తొలిచెయ్యి ఏసేవోలు ఎంత ఎయ్యాలంట?"

"వెయ్యో, రెండేలో. ఏమో అత్తా."

"ఆ ముసిలాయన అంకేదీ సెప్పనేదే" అంది గైరమ్మ. సముద్రం వైపు చూస్తూ ఇంకేదో గొణుక్కుంది.

నాలుగో రోజు తెల్లవారింది. మండపం నిండింది. పళ్లెం తీసుకుని భావదత్తుడు, "తొలిచెయ్యి ఎవరిది?" అన్నాడు. నిధిదత్తుడు ఆకు సవరించుకుంటూ తీరిగ్గా లేవబోయాడు. బేరం తన దగ్గరకే తిరిగి వస్తుందని అతనికి తెలుసు.

అతను లేచేలోపు కర్ర చప్పుడు వినిపించింది. గైరమ్మ పళ్లెం దగ్గరకు నడిచి వచ్చింది. నడుముకు కట్టుకున్న గుడ్డ ముడి విప్పి, పళ్లెంలో బోర్లించింది. ఏడు రాగి కాసులు గలగలమన్నాయి.

మండపం గొల్లుమంది.

"నవ్వండి బాబూ, నవ్వు మంచిదే" అంది గైరమ్మ. "పెద్దయ్యా, నీ కట్టుబాటు నువ్వే సెప్పినావు. మొదట సొమ్ము ఏసినోలిది తొలిచెయ్యి అన్నావు. ఎంత పెద్ద సెయ్యో సెప్పినావా?"

భావదత్తుడు కళ్లు మూసుకున్నాడు. తాతముత్తాతల నాటి కట్టుబాటును మనసులో మొదటి నుంచి చివరి దాకా వల్లించుకున్నాడు. కళ్లు తెరిచాడు. "లేదు తల్లీ. వర్తకుడై ఉండాలనీ లేదు, ఇంత వెయ్యాలనీ లేదు. తెలిసినవాడి మాట మీద లోపలికి వచ్చినవారై ఉంటే చాలు. తొలిచెయ్యి నీది. ఆకు చెప్పు, లేఖకుడు రాస్తాడు."

నూకాలు పరుగెత్తుకుని వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా, ఏటి సేస్తన్నావు? ఈ వలలు నిలబడితే నీ కావడి పోతాది. నీ కూడు పోతాది. నీకు తెల్దా?"

"ఏల తెల్దే? కడవ ఎత్తి సూసిన్నాడే తెలిసింది." గైరమ్మ భుజం మీది గుంటను చూపుడువేలితో తాకింది. "ఇది సూడు. నా కూతురికీ ఇదే గుంట పడింది. మనవరాలికి పన్నెండేళ్లు, కిందటి నెల కావడి పట్టింది. ఆ రాత్తిరి దాని బుజానికి నేనే నూనె రాసినాను. నా కూడు పోనీ. ఆ పిల్ల బుజం నాక్కావాల."

ఆ మాట విని నూకాలు సిగ్గుతో కుంగిపోయింది. ఈ మనిషినా తాను దారి పొడుగునా శంకించింది!

గైరమ్మ ఆకు చెప్పింది. లేఖకుడు రాశాడు. మూడే వరుసలు. నీళ్లు ముందు గొంతులకు, మిగిలినవి అమ్మకానికి. లాభం వస్తే ఎవరెంత వేశారో అంతకు తగ్గట్టు, నష్టం వచ్చినా అంతకు తగ్గట్టు. వల మీద నుంచి నూకాలు చేతినీ, గడ మీద నుంచి సన్యాసి చేతినీ ఎవరూ తీయకూడదు.

"ఇప్పుడు అడుగు నుంచి సదువు బాబూ, ఈ పిల్ల ఇంటాది" అంది గైరమ్మ.

లేఖకుడు చివరి వరుస నుంచి పైకి చదివాడు. ఎటు నుంచి చదివినా ఒకటే ఉంది. నూకాలు దారం అందుకుని, పుట్టింటివాళ్లు నేర్పిన ముడి వేసింది. తడిసేకొద్దీ బిగిసే ముడి అది.

పళ్లెం బయలుదేరింది. ఏడు కాసులతో అది మొదటి వర్తకుడి ముందు ఆగింది. అతను పక్కవాడిని చూశాడు. పక్కవాడు తన పక్కవాడిని చూశాడు. వెయ్యి వరహాలు కావాలి, ఏడు కాసులు ఉన్నాయి. పళ్లెం పది మందిని దాటింది, ఇరవై మందిని దాటింది. ఎవరి చెయ్యీ కదల్లేదు.

వెనక వరుసలో మిరియాల వర్తకుడు ఒకడున్నాడు. ఎవరూ పట్టించుకోని చిన్న వర్తకుడు. పళ్లెం తన ముందుకు రాగానే ఆ రాగి కాసుల వంక చాలాసేపు చూశాడు. "ఉన్న కూడంతా పోగొట్టుకునే మనిషే ముందు వేసింది. నాకేం పోతుంది?" అని ఇరవై వరహాలు వేశాడు.

అంతే! అదేం చిత్రమో గానీ, ఒక్కడూ వెయ్యనప్పుడు ఎవడికీ ధైర్యం ఉండదు, ఇద్దరు వేశాక ఎవడికీ ఓపిక ఉండదు. "నాకు మిగల్చండి" అని ఒకడు, "నేను మొదటి రోజే చెప్పానుగా" అని ఇంకొకడు. నిధిదత్తుడు చల్లకొచ్చి ముంత దాచినట్టు కాసేపు తన ఆకును వీపు వెనక దాచుకుని, చివరికి రెండు వందలు వేశాడు. సాగరగుప్తుడు గైరమ్మకు నమస్కరించి మరీ వేశాడు. రత్నాంగి మాత్రం, "చూద్దాం" అంది. పళ్లెం తిరిగి వచ్చేసరికి పదకొండు వందల వరహాలు, ఏడు కాసులు!

ఆ పైన జరిగింది గబగబా చెప్పేస్తాను. మార్గశిరం రాకముందే నలభై వలలు కొండ గట్టు మీద బారులు తీరాయి. చైత్రం వచ్చింది, ఎవరూ మూటలు కట్టలేదు. గొంతులు తడవగా మిగిలిన నీళ్లు కొండ కనుమ దాటే వర్తకుల బిడారులకు అమ్మారు. ఏటా శంఖతీరానికి వాటాలు వెళ్లాయి. గైరమ్మ వాటా ఎంతని అడగకండి, ఏడు కాసులకు ఎంత వస్తుంది? కానీ తొట్ల కాపలా ఆమెదే, తాళంచెవి ఆమె మొలలోనే. మనవరాలు కావడి మళ్లీ పట్టలేదు.

నాకు మాత్రం వలలు నిలిచిన మొదటి తెల్లవారుజామే ఇష్టం. మబ్బు ఊరిని కప్పేసింది. ఎక్కడ చూసినా తెలుపే, ఆ తెలుపులో నలభై దోనెల్లో నీళ్లు పారే చప్పుడు. ఇళ్లలో వాళ్లంతా కడవలతో బయటకు వచ్చి నిలబడ్డారు. గైరమ్మ నలభై ఏళ్ల అలవాటు చొప్పున చీకటితోనే లేచి, కావడి భుజాన వేసుకుని, ఏటి దారి పట్టింది. నూకాలు మబ్బులో ఆమె అడుగుల చప్పుడు విని, చెంబుతో వెంట పరుగెత్తింది.

"అత్తా, ఆగు! ఎక్కడికి?"

గైరమ్మ ఆగింది. ఎక్కడికో తనకే తెలియనట్టు చూసింది. నూకాలు చెంబు అందించింది. ముసలిది రెండు చేతులా పట్టుకుని, దారి మధ్యలో నిలబడే, గటగటా తాగింది. నీళ్లు గడ్డం మీదుగా కారి మెడ తడిపాయి. కావడి పట్టాక, ఆ కొండమీద తాను మోయని నీళ్లు ఆమె తాగడం అదే మొదలు.

సొమ్ము ఇచ్చే చెయ్యి ఎంత పెద్దదో చూసి మురిసిపోవద్దు. ఆ చెయ్యి రాసిన చివరి షరతు చదివి, మన కష్టం తెలిసిన చేతినే ముందుగా పట్టుకోవాలి.